"మా వాడికి ఆటలంటే ఇంట్రెస్ట్ లేదండీ" అనేముందు: పిల్లల్ని మళ్లీ గ్రౌండ్‌లోకి తెచ్చే దారి

ఐదేళ్ల పిల్లాడికి పరిగెత్తమని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆగరా అని అరిచీ అరిచీ మన గొంతే పోతుంది. అదే పిల్లాడు ఎనిమిదో తరగతికొచ్చేసరికి సాయంత్రం పూట సోఫా మీంచి లేవడు. అప్పుడు మనం "మా వాడికి మొదట్నుంచీ ఆటలంటే అంత ఇంట్రెస్ట్ లేదండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేస్తాం, వాడి ముందే. మొదట్నుంచీ లేకపోవడమేంటి? ఉండేది. మధ్యలో ఎక్కడో టైం పోయింది, ఆడుకునే చోటు పోయింది, తోడు పోయింది, ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. ఇష్టం ఆఖర్న పోయింది.

ఇది మన ఒక్కింటి సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 146 దేశాల పిల్లల లెక్కలు తీసి 2019లో బయటపెట్టింది. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85 శాతం. చాలినంత అంటే పెద్ద లెక్కేమీ కాదు, సగటున రోజుకి 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా, చెమట పట్టేలా కదలడం. అందులో వారానికి మూడు రోజులైనా గట్టిగా పరుగులు, గెంతులు ఉండాలి.

ఈ గంట ఎలా సంపాదించాలో వరసగా చెప్తాను. వరస ముఖ్యం. చాలామంది నేరుగా అకాడమీకి వెళ్లి మూడు నెలల ఫీజు కట్టి, కిట్ కొని, నెలన్నరకి పిల్లాడు మానేస్తే వాణ్ణి తిడతారు. డబ్బు ఖర్చయ్యే మెట్టు దాదాపు చివర్లో వస్తుంది, దానికి ముందువన్నీ ఇంట్లోనూ వీధిలోనూ తేలాల్సినవి.

1. ముందు ఒక వారం రాయండి

క్యాలెండర్ వెనకాల అయినా సరే, మీ పిల్లాడి వారం రాయండి. నిద్ర లేచింది, బస్సెక్కింది, దిగింది, ట్యూషన్, హోంవర్కు, ఫోను, టీవీ, భోజనం, నిద్ర. ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఉండాల్సింది కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏడో తరగతి పిల్లాడిది మామూలుగా ఇలా ఉంటుంది: ఏడుంబావుకి బస్సు, సాయంత్రం ఐదుకి ఇల్లు, ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ట్యూషన్, తర్వాత హోంవర్కు, తొమ్మిదికి భోజనం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ స్టడీ అవర్స్ పెట్టే స్కూలైతే ఆ ఐదు కాస్తా ఆరున్నర అవుతుంది. ఇందులో ఆట ఎక్కడ? ట్యూషన్‌కీ హోంవర్కుకీ మధ్య దొరికే ఇరవై నిమిషాల్లో గ్రౌండ్‌కి వెళ్లి రాలేడు, ఫోను మాత్రం పట్టుకోగలడు. అందుకే ఫోను పట్టుకుంటాడు. ఫోనొచ్చి ఆటని పాడుచేసిందని అందరం అంటాం గానీ, చాలా ఇళ్లలో ఆటకి టైం ముందే పోయింది, ఆ ఖాళీలోకి ఫోను వచ్చి కూర్చుంది.

కాబట్టి మొదటి పని, వారానికి కనీసం నాలుగు సాయంత్రాలు ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఖాళీ చెయ్యడం. ట్యూషన్ గంట వెనక్కి జరపండి. మాస్టారు కుదరదంటే వారంలో రెండు రోజులే పంపండి, లేదా పొద్దున్నే చదివించండి. ఏదో ఒకటి వదులుకోకుండా గంట పుట్టదు. "చదువు పాడవుతుందేమో" అనే టెన్షన్ నాకు తెలుసు. కానీ పొద్దున్నుంచీ కూర్చునే ఉన్న పిల్లాడు ఆరో గంట చదువులో ఎంత బుర్రకెక్కించుకుంటున్నాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.

ఇంకో లాభం కూడా ఉంది. పగటి వెలుగులో బయట గడిపే పిల్లలకి కళ్లజోడు వచ్చే అవకాశం తగ్గుతుంది. తైవాన్‌లో 2010 నుంచి స్కూళ్లలో పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం పెట్టింది అందుకే.

2. నడిచి వెళ్లగలిగే చోటు వెతకండి

మంచి టర్ఫ్ ఉన్న గ్రౌండ్ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటే అది ఆదివారానికే పనికొస్తుంది. రోజూ ఆడాలంటే పిల్లాడు తనంతట తాను నడిచో సైకిల్ మీదో వెళ్లగలిగే చోటు కావాలి, ఎంత చిన్నదైనా సరే. మీరు బండి తీసి దింపాల్సిన చోటైతే, మీకు ఆఫీసులో లేటైన ప్రతి రోజూ ఆట బంద్.

మొదట దగ్గర్లో ఉన్న ప్రభుత్వ హైస్కూలు గ్రౌండ్ చూడండి. బడి విడిచాక గేటుకి తాళం వేస్తారు. హెడ్మాస్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్తే పని కాదు, నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి, ఏ టైంలో ఆడతారో, తాళం బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసిస్తే ఒప్పుకునే అవకాశం చాలా పెరుగుతుంది. తెలంగాణ పల్లెల్లో అయితే 2022లో క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. మీ ఊళ్లో బోర్డు ఉండి గడ్డి మొలిచిపోయి ఉంటే పంచాయతీని అడగండి, ఉపాధి హామీ పనుల్లో చదును చేయించే వీలుందేమో కూడా అడగండి.

అపార్ట్‌మెంట్లలో గొడవంతా కార్ల అద్దాల దగ్గర. అసోసియేషన్ మీటింగులో "పిల్లలు ఆడుకోవాలి" అని జనరల్‌గా మాట్లాడితే అందరూ తలూపి వెళ్లిపోతారు. "సాయంత్రం ఐదున్నర నుంచి ఏడింటి దాకా వెనక డ్రైవ్‌వేలో కార్లు పెట్టొద్దు, పిల్లలు మెత్తటి బంతితోనే ఆడతారు" అని ఒక్క తీర్మానం రాయించండి. పార్కులో "ఆటలు ఆడరాదు" అని బోర్డు ఉంటే, ఒక మూల చిన్నపిల్లలకి వదలమని కార్పొరేటర్‌నో కాలనీ పెద్దలనో అడగండి. పిల్లలకి పిల్లల చోటు ఇవ్వని కాలనీ ఏం కాలనీ అండీ!

వీధికుక్కల భయం చిన్న విషయం కాదు, దాన్ని కొట్టిపారేయొద్దు. మొదట్లో పెద్దవాళ్లు ఒకరు వంతులవారీగా అక్కడ కూర్చోవడమే మందు. ఇక ఎండలు. ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచి జూన్ వానల దాకా పొద్దున ఏడున్నరలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత మాత్రమే. నీళ్ల సీసా తప్పనిసరి. తల తిరుగుతోందన్నా, వాంతి వచ్చినట్టుందన్నా వెంటనే నీడకి తీసుకెళ్లి చల్లబరచాలి, "ఏం కాదులే ఆడు" అనకూడదు.

3. తోడు కుదర్చండి

పిల్లలు ఆట కోసం కంటే ఫ్రెండ్ కోసం ఎక్కువ వెళ్తారు. పక్కింటి పిల్లాడు వచ్చి కింద నుంచి పేరు పెట్టి కేకేస్తే చాలు, మీరు పావుగంట బతిమాలినా లేవనివాడు చెప్పులు కూడా వేసుకోకుండా దిగిపోతాడు. అందుకే మీ పిల్లాడి ఒక్కడి గురించి కాకుండా ముగ్గురు నలుగురి గురించి ఆలోచించండి. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి అందరి ట్యూషన్ టైములూ ఒకేలా జరపండి. ఈ ఒక్క పని చేస్తే మిగతావి సగం తేలికవుతాయి.

అయితే తోడు ఉన్నంత మాత్రాన ఆట దొరకదు. ఒక సాయంత్రం దూరం నుంచి చూడండి. ఇద్దరు పెద్ద పిల్లలు టీములు ఎంచుకుంటుంటారు, ఒక్కొక్కర్నీ పిలుస్తుంటే మిగిలినవాళ్లు తగ్గుతూ వస్తారు, చివరికి ఒక్కడు మిగులుతాడు. వాడు అటూ ఇటూ చూడడు, చెప్పుతో నేల గీస్తుంటాడు. "సరే, వీడు రెండు టీముల్లోనూ" అంటారు. ఆటలో అరటిపండు. ఆ పిల్లాడికి బ్యాటింగ్ రాదు, బౌలింగ్ ఇవ్వరు, బంతి పొదల్లో పడితే తెచ్చే పని మాత్రం వాడిదే. పది రోజులు ఇలా జరిగాక వాడు "నాకు కాలు నొప్పి, రాను" అంటాడు. అప్పుడు మనం ఇంట్రెస్ట్ లేదంటాం.

దీన్ని సరిచేయడానికి పెద్దవాళ్లు ఆటలో దూరక్కర్లేదు, నియమాలు మారిస్తే చాలు. క్రికెట్‌లో ప్రతి ఒక్కరికీ రెండేసి ఓవర్ల బ్యాటింగ్, అవుటైతే టీముకి ఐదు పరుగులు కోత గానీ బ్యాట్ చేతిలోంచి పోదు. ప్రతి ఒక్కరూ ఒక ఓవర్ వెయ్యాలి. ఫుట్‌బాల్ అయితే పదకొండు మంది వద్దు, నలుగురికి నలుగురు, అప్పుడు అందరి కాలికీ బంతి తగులుతుంది. అవుటైనవాళ్లు పక్కన కూర్చునే ఆటలు తగ్గించండి, ఎందుకంటే వాటిలో అందరికంటే ఎక్కువ ఆడాల్సినవాడే అందరికంటే ముందు కూర్చుంటాడు. టీములు వయసుల వారీగా చీటీలు తీసి కలపండి. ఏడుపెంకులాట, ఖోఖో, నేలాబండా, దొంగా పోలీస్ వంటివాటికి సామాను ఖర్చు లేదు, అందరూ పరిగెత్తుతారు.

4. "రాదు" అనే భయం పోగొట్టండి

పదేళ్లొచ్చినా బంతి పట్టుకోవడం రాని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు వీధిలో దానంతటదే వచ్చేసేది, ఇప్పుడు నేర్పాలి. నలుగురి ముందు రాదని తేలిపోతుందనే భయమే వాళ్లని గుమ్మం దాటనివ్వదు. ఇంట్లోనే, ఎవరూ చూడకుండా, రోజుకి పది నిమిషాలు చాలు. మొదట బెలూన్, అది మెల్లగా వస్తుంది కాబట్టి కళ్లు మూసుకోరు. తర్వాత పెద్ద ప్లాస్టిక్ బంతి, తర్వాత టెన్నిస్ బంతిని గోడకి కొట్టి ఒక టప్ప పడ్డాక పట్టుకోవడం, ఆ తర్వాత టప్ప పడకుండా. పట్టడం, విసరడం, తన్నడం, ఒంటికాలి మీద గెంతడం, తాడాట. ఈ ఐదూ వస్తే ఏ ఆటలోకి వెళ్లినా నిలబడతారు. తొక్కుడుబిళ్ల ఆడిస్తే ఒంటికాలి బ్యాలెన్స్ అదే వస్తుంది.

లావుగా ఉన్న పిల్లల్ని "సన్నబడతావు, వెళ్లి ఆడు" అని పంపకండి. అది ఆటని మందుగోలీలా చేస్తుంది, పైగా తన ఒళ్లు తప్పని రోజూ గుర్తుచేస్తుంది. ఒంట్లో బలం పనికొచ్చే ఆటలు చూపించండి, కబడ్డీ, షాట్‌పుట్, జూడో, ఈత. ఉబ్బసం ఉంటే ఆట మానిపించేయకుండా పిల్లల డాక్టర్ని అడగండి. మందులు సరిగ్గా వాడుతూ ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకుని ఆడొచ్చనే చాలామంది పిల్లలకి చెప్తారు. వైకల్యం ఉన్న పిల్లల్ని "పాపం, కూర్చోనివ్వండి" అని పక్కన పెట్టేయడం మనకి బాగా అలవాటు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తికి మేధోపరమైన వైకల్యం ఉంది, ఊళ్లో ఎన్నో మాటలు పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అందరూ పతకాలు తేవాలని కాదు చెప్పేది. బళ్లో ఆమె పరుగుని గమనించిన ఒక పెద్దమనిషి ఉన్నారు, అది చాలింది.

5. అమ్మాయిల విషయం విడిగా చూడాల్సిందే

పన్నెండు పదమూడేళ్ల దగ్గర అమ్మాయిలు ఆట మానేస్తారు. ఎవరూ మానెయ్యమని చెప్పరు, కానీ అన్నీ కలిసి మానిపిస్తాయి. నల్లబడిపోతావంటారు. మోకాళ్ల మీద గాట్లు పడితే రేపు పెళ్లిచూపుల్లో అంటారు. గ్రౌండ్ నిండా మగపిల్లలే. తమ్ముడు ఆడుకోవడానికి వెళ్లే టైంకే అమ్మాయికి గిన్నెలు తోమడమో, చంటిపిల్లల్ని చూసుకోవడమో అప్పజెప్తారు. చీకటి పడకముందే ఇంట్లో ఉండాలి. ఇంక నెలసరి, ఆ తెల్ల డ్రిల్ డ్రెస్సు. శనివారం తెల్ల యూనిఫాం వేసుకుని మరక పడుతుందేమో అని ఆఖరి బెంచీలో నడుం వంచుకుని కూర్చున్న అమ్మాయిని డ్రిల్ మాస్టారు "లే, గ్రౌండ్‌కి" అంటే ఏం చెప్తుంది? కడుపునొప్పి అంటుంది. తర్వాత వారం కూడా అదే అంటుంది, అలవాటైపోతుంది.

చెయ్యాల్సినవి ఇవి. నల్లటి లేదా నేవీ బ్లూ ట్రాక్ ప్యాంటు, వదులుగా ఉండే టీషర్టు కొనివ్వండి, స్కూల్లోనూ అదే అనుమతించమని అడగండి. వయసొచ్చిన అమ్మాయికి సరైన కొలత స్పోర్ట్స్ బ్రా కావాలి, అది లేకే చాలామంది పరిగెత్తడం మానేస్తారు, అమ్మలు సిగ్గుపడకుండా ముందే కొనాలి. బ్యాగులో అదనంగా ప్యాడ్లు, ఒక జత బట్టలు. నెలసరి రోజుల్లో ఆడొచ్చు, ఆడకపోనూవచ్చు, ఎంపిక అమ్మాయిదే. గ్రౌండ్ దగ్గర టాయిలెట్ ఉందో లేదో చూడండి, లేకపోతే అమ్మాయిలు నీళ్లు తాగడం మానేసి ఆడతారు, అది ప్రమాదం. ఐదారుగురు అమ్మాయిలు కలిసి వెళ్లేలా చూడండి, వారంలో కొన్ని రోజులు గ్రౌండ్‌లో ఒక సగం వాళ్లకే ఉంచమనండి. ఇంటిపని తమ్ముడికీ పంచండి.

తర్వాత భారత మహిళల క్రికెట్ కెప్టెన్ అయిన మిథాలీ రాజ్ చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంటుండేది, ఆమెని వాళ్ల నాన్న పొద్దున్నే లేచే అలవాటు కోసం అన్నయ్యతో పాటు సికింద్రాబాద్‌లో క్రికెట్ కోచింగ్‌కి తీసుకెళ్లారు. నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు అక్కడ అమ్మాయిలే లేరు, చుట్టుపక్కలవాళ్ల మాటలన్నీ వాళ్ల నాన్న భరించారు. 2022లో ఆమె ప్రపంచ చాంపియన్. ఈ రెండు ఇళ్లలోనూ నాన్న పక్కన నిలబడ్డాడు. అమ్మాయి ఆటలో నాన్న ఒక్క మాట చుట్టాల పది మాటలకి సమాధానం అవుతుంది, కాబట్టి ఆ మాట మీరే అనండి.

6. స్కూలుని అడగండి

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగాక ఈ మూడూ కూడా అడగండి: వారానికి గేమ్స్ పీరియడ్లు ఎన్ని, వాటిలో నిజంగా ఎన్ని జరుగుతున్నాయి, పీఈటీ (ఆటలు నేర్పే టీచర్) ఉన్నారా. సిలబస్ కాలేదని గేమ్స్ పీరియడ్ లెక్కల టీచర్‌కి ఇవ్వడం మన దగ్గర ఎంత మామూలంటే పిల్లలు కూడా దాన్ని అన్యాయం అనుకోవడం మానేశారు. ఒక్కరు అడిగితే "చూస్తాం" అంటారు, పదిమంది అడిగితే టైంటేబుల్ మారుతుంది.

ఇంకొకటి. అల్లరి చేశాడని గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం, గుంజీలు తీయించడం ఆపమని చెప్పండి. పరుగు శిక్షగా నేర్చుకున్న పిల్లాడు సరదాగా ఎలా పరిగెడతాడు?

మంచి పీఈటీ ఉంటే మాత్రం ఆయన్ని నెత్తిన పెట్టుకోండి. విశాఖపట్నంలో జ్యోతి యర్రాజి నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలో పనిచేసేది. ఆ అమ్మాయికి పరుగులో భవిష్యత్తు ఉందని ముందుగా గుర్తించింది బళ్లో పీఈటీనే. 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్ల లోపు పూర్తిచేసిన మొదటి భారతీయురాలు ఆమె.

7. ఇప్పుడు అకాడమీ, కోచ్

ఫీజు కట్టే ముందు ఒక సెషన్ మొదట్నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. పిల్లలు ఎంతసేపు లైన్లో నిలబడుతున్నారు, ఎంతసేపు ఆడుతున్నారు? అందరికంటే బాగా ఆడేవాడితో కోచ్ ఎలా మాట్లాడుతున్నాడో వదిలెయ్యండి, అందరికంటే వెనకబడ్డ పిల్లతో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. ఫీజు నెలనెలా కట్టండి, మొదటి నెల ట్రయల్ అనుకోండి. తల్లిదండ్రులు లోపలికి రాకూడదనే చోట పిల్లల్ని వదలొద్దు. కోచ్ ఒక్కడే ఒక పిల్లనో పిల్లాణ్ణో విడిగా తీసుకెళ్లడం, రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టడం ఏమాత్రం ఒప్పుకోకండి. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, చిన్నారులకి జరిగే లైంగిక వేధింపులు 2012 పోక్సో చట్టం కిందికి వస్తాయి. పౌడర్లు, ఇంజెక్షన్లు అంటే ఆ రోజే మాన్పించండి.

ఏడేళ్లకే ఒక్క ఆటకి కట్టేయొద్దు. ఒకే ఆట మీద పడటం 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయమని, వారానికి ఒకట్రెండు రోజులు విశ్రాంతి ఇవ్వమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. ఏ ఆట ఆడాలో ఎంచుకునే హక్కు కూడా పిల్లలదే. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, ఆమె రాకెట్ పట్టుకుంటే వాలీబాల్‌లోకి లాగలేదు.

పుట్టిన నెల కూడా చూడండి. వయసు లెక్కకి జనవరి 1 కటాఫ్ అయితే అండర్-14లో ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. ఎత్తు, బరువు, బలం అన్నీ ఎక్కువ, సెలెక్షన్‌లో వాడికే చోటు. మీ డిసెంబర్ పిల్లాడు సెలెక్ట్ కాకపోతే టాలెంట్ లేదనుకోవద్దు, వాడికి ఇంకా రెండేళ్లు ఇవ్వండి. వయసు తగ్గించి సర్టిఫికెట్ తెచ్చేవాళ్ల దారి పట్టొద్దు, అది ఇంకో పిల్లాడి చోటు లాక్కోవడమే. నార్వేలో 11 ఏళ్ల లోపు పిల్లల పోటీల్లో ర్యాంకుల పట్టికలే పెట్టరు. అంత చిన్న దేశం శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాలన్నీ ఎలా తెస్తోందో చూస్తూనే ఉన్నాం.

8. ఇంట్లో మన మాట

మ్యాచ్ అయ్యాక బండెక్కగానే "గెలిచావా, ఎన్ని కొట్టావ్, ఆ క్యాచ్ ఎందుకు వదిలేశావ్" అని మొదలుపెట్టొద్దు. మంచినీళ్లిచ్చి "ఆకలేస్తోందా" అనండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. పక్కింటివాడితో పోలిక వద్దు. మార్కులు తగ్గాయని ఆట బంద్ చెయ్యొద్దు, అన్నం పెట్టనంటే ఎలా ఉంటుందో అలాగే అనుకోండి. ఆదివారం మీరూ దిగి ఓ అరగంట షటిల్ ఆడండి, మీ పొట్ట గురించి ఎవరూ పట్టించుకోరు, పిల్లలకి మాత్రం ఏళ్లపాటు గుర్తుంటుంది.

పదో తరగతి రాగానే అందరూ ఒక్కసారిగా ఆపేస్తారు. ఆపొద్దు, తగ్గించండి. పరీక్షల నెలలో కూడా సాయంత్రం అరగంట నడకో, షటిలో, సైకిలో ఉంచండి. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తుంటే ఫీజు, ర్యాంకులతో పాటు గ్రౌండ్ ఉందా, దాంట్లోకి వదులుతారా అని అడిగి, కళ్లతో చూసి వెయ్యండి.

మానేస్తానంటే

వెంటనే సరే అనొద్దు, వెంటనే తిట్టొద్దు. రెండు రోజులు ఆగి, నడుస్తూనో బండి మీద వెళ్తూనో అడగండి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. ఫ్రెండ్ మానేశాడా? కోచ్ ఏమైనా అన్నాడా? బోరు కొడుతోందా? ఎక్కడైనా నొప్పా? పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఎదిగే వయసులో మోకాలి కింద, మడమ దగ్గర నొప్పి ఎక్కువగా ఆడే పిల్లల్లో మామూలుగా వస్తుంది. రెండు వారాలు దాటినా, కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పి వచ్చినా ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఫ్రెండ్ సమస్య అయితే బ్యాచ్ మార్చండి. బోరైతే కట్టిన నెల పూర్తి చేయించి వేరే ఆట చూపించండి. కోచ్ సమస్య అయితే నెల కూడా ఆగక్కర్లేదు, ఆ రోజే మాన్పించి, మళ్లీ కాలనీ పిల్లల దగ్గరికి, మూడో మెట్టుకి తీసుకెళ్లండి.